బావ అరచేతిలో గడ్డ: కొవ్వుగడ్డ అంటే కోయించాం, మళ్ళీ వచ్చింది. తెలిసినవాళ్ళు చెప్పండి

కొమ్ముబొమ్మ · ఆగస్టు 4, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు.

మా బావకి 31 ఏళ్ళు. కొమ్ముపని చేస్తాడు. గేదె కొమ్ము కాచి, వంచి, అరగదీసి కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తాడు. పొద్దస్తమానం ఆకురాయి కుడిచేతిలోనే ఉంటది. అందుకే నిరుడు వైశాఖంలో ఉంగరపు వేలి మొదట్లో, అరచేతి వైపు శనగబద్దంత గట్టిగా తగిలితే ఎవరం పట్టించుకోలేదు. "పనోడి చేతికి కాయ కాయకపోతే ఇంకేటి కాస్తది" అని ఆయనే నవ్వీసేడు. నొప్పి కూడా లేదు.

దసరా నాటికి ఉసిరికాయంత అయింది. పిడి పట్టుకుంటే అడ్డొస్తందని ఒక నర్సింగ్ హోమ్‌లో చూపించాం. పేరు చెప్పను. కొవ్వుగడ్డ, పావుగంట పని అన్నారు. చెయ్యి వరకే మత్తిచ్చి అడ్డంగా కోసి తీసేశారు. తీసిన ముక్క ఏటి చేశారో మేం అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

సంక్రాంతి దాటేసరికి అదే చోట మళ్ళీ వచ్చింది. ఈసారి మచ్చ పక్కనే రెండు గింజల్లా. ఒకటి పగిలి పుండయింది. ఇంకో చోటికి వెళ్తే సన్నసూదితో గుచ్చి చూసి గ్రాన్యులోమా (వాపు కణాల ముద్ద) అన్నారు, టీబీ అన్నారు. మూడు నెలలుగా టీబీ మాత్రలు మింగుతున్నాడు. మూత్రం ఎర్రగా అవడమే గానీ పుండు ఉన్నట్టే ఉంది. ఇప్పుడు చిటికెన వేలు కొస తిమ్మిరంటున్నాడు.

మా అప్ప రాత్రిళ్ళు పడుకోట్లేదు. ఇద్దరు చిన్న గుంటలు. ఎక్కడికి తీసుకెళ్ళాలి? బరంపురమా, విశాఖా? టీబీ మందులు ఆపాలా?

రాయగడ_రాజు · ఆగస్టు 4, రాత్రి 10:40

బెంగెట్టుకోకు తమ్ముడూ. మా వైపు కొండమీద ఒక పెద్దాయన పసరు కట్టు వేస్తాడు. మా చిన్నాన్నకి మెడమీద గడ్డ మూడు కట్లకే కరిగింది. అడ్రస్ మెసేజ్ చేస్తాను.

గుణుపురం_టీచరమ్మ · ఆగస్టు 4, రాత్రి 11:05

రాజు గారూ, మీ చిన్నాన్నగారిది చీముగడ్డ అయ్యుంటుంది, అది కట్టు కట్టకపోయినా పగిలిపోయేదే. కోసినా మళ్ళీ మొలిచిన గడ్డకి, మానని పుండుకి పసరు పెట్టమనడం పాపమండీ. పుండు కుళ్ళితే ఆ చెయ్యిని ఎవరు చూస్తారు?

బాబూ, మా చెల్లికి మణికట్టు మీద నీటితిత్తి వచ్చింది. చీకట్లో టార్చి ఆనిస్తే దీపంలా వెలిగింది, దాంతోనే తేలిపోయింది. మీ బావగారిది గట్టిగా ఉందంటున్నారు కాబట్టి అలాంటిది కాదు. ఇక్కడ ఒక చేతి సర్జన్ గారు రాస్తుంటారు, ఆయన వచ్చేదాకా ఆగండి. ఈలోగా ఎవరితోనూ కోయించకండి.

చెయ్యివైద్యం · ఆగస్టు 5, ఉదయం 6:20

విశాఖలో ప్లాస్టిక్ సర్జన్‌ని. చేతుల పనే ఎక్కువ. ఇక్కడ రాసినదాన్ని బట్టి రోగం పేరు చెప్పను, చెప్పకూడదు. కానీ మీరు రాసినవాటిలో ఐదు మాటలు నాకు నచ్చలేదు: గట్టిగా ఉండడం, పెరగడం, తీసినచోటే మళ్ళీ రావడం, పుండు మానకపోవడం, వేలు తిమ్మిరెక్కడం. ఈ ఐదూ ఒక్క చేతిలో కలిస్తే సార్కోమా (కండ, కొవ్వు, ఎముక లాంటివాటిలో పుట్టే కేన్సర్) కాదని తేలేవరకూ సార్కోమా అన్నట్టే నడుచుకోవాలి.

భయపెట్టడానికి కాదు ఇది. చేతిలో వచ్చే గడ్డల్లో చాలా ఎక్కువ భాగం ఏమీ చెయ్యనివే. నీటితిత్తులు మొదటిస్థానం. టెండాన్ (వేలిని కదిపే తాడు) తొడుగు మీద పుట్టే జెయింట్ సెల్ గడ్డలు ఆ తర్వాత. ఇంకా కొవ్వుగడ్డలు, రక్తనాళాల గడ్డలు, ముల్లు గుచ్చుకున్నచోట చర్మం లోపలికి దూరి కట్టే తిత్తులు. చేతి మెత్తటి భాగాల్లో కేన్సర్ అరుదు. ఆ అరుదే ముప్పు. నూరు గడ్డలు కోసినవాడికి నూటొకటోది కూడా అలాంటిదేలే అనిపిస్తుంది.

పెద్దగా ఉంటేనే భయపడాలి, ఐదు సెంటీమీటర్లు దాటితేనే అనుమానించాలి అనే లెక్క తొడకి పనికొస్తుంది. అరచేతికి పనికిరాదు. చేతిలో రెండు సెంటీమీటర్ల గడ్డ కూడా సార్కోమా కావచ్చు. నొప్పి లేదు కదా అనుకోవడం కూడా ధైర్యం కాదు. చాలా సార్కోమాలు మొదట్లో నొప్పి పుట్టించవు.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. మొదట చెయ్యి, ముంజెయ్యి మొత్తం కనబడేలా మందు ఎక్కించి ఎమ్మారై. బయాప్సీ ఆ తర్వాతే. ముందు ముక్క తీస్తే లోపల రక్తం, వాపు చేరి ఫొటోలో ఏది గడ్డో ఏది దెబ్బో తెలియదు. ఆ తర్వాత లావు సూదితో కోర్ బయాప్సీ. అదీ రేపు ఎవరు ఆపరేషన్ చేస్తారో వాళ్ళ దగ్గరే, లేదా వాళ్ళు చూపించిన చోటే గుచ్చాలి. ఛాతీకి సీటీ, ఎందుకంటే ఇవి ముందు ఊపిరితిత్తులకే పోతాయి. చంకలో, మోచేతి లోపలివైపు బిళ్ళలు (లింఫు గ్రంథులు) కట్టాయేమో ఈ రోజే తడిమి చూడండి.

టీబీ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. ఇచ్చిన డాక్టరుకి పుండు మానలేదని చెప్పి, బయాప్సీ వచ్చాక నిర్ణయించుకోండి.

కొమ్ముబొమ్మ · ఆగస్టు 5, ఉదయం 7:02

డాక్టరు గారూ, సూది గుచ్చితే కేన్సర్ ఒళ్ళంతా పాకీస్తదని మా వీధిలో ప్రతి ఒక్కరూ అంటన్నారు. బావ దానికే జంకుతున్నాడు. బిళ్ళలు తడిమి చూశాను, నాకేమీ తగల్లేదు.

చెయ్యివైద్యం · ఆగస్టు 5, మధ్యాహ్నం 2:15

ఆ భయానికి ఒక మూలం ఉంది, అందుకే పోవట్లేదు. తప్పుగా గుచ్చితే సూది వెళ్ళిన దారిలో కణాలు మిగలొచ్చు. అందుకే మేం ఆ దారిని ముందే గీసుకుంటాం. రేపు ఎక్కడ కోస్తామో సరిగ్గా ఆ గీత మీదే సూది దిగుతుంది. ఆపరేషన్‌లో గడ్డతో పాటు ఆ దారినీ చర్మంతో సహా తీసేస్తాం. గుచ్చినచోట చిన్న పచ్చబొట్టు చుక్క పెడతారు కొందరు. సూది కంటే ఎన్నో రెట్లు ప్రమాదం, మీకు ఇదివరకు జరిగిందే: ఏమిటో తెలియకుండా కోసి తీసెయ్యడం.

ఎందుకో చెబుతాను. ముందు మన భాషతో ఒక చిక్కు. మనవాళ్ళు రక్తనాళాన్నీ నరమంటారు, స్పర్శ తెలిపే తీగనీ నరమంటారు, వేలిని ముడిచే తాడునీ నరమంటారు. రోగి వచ్చి "నరం తెగింది" అంటే ఏది తెగిందో చెయ్యి చూస్తేగానీ తెలియదు. అరచేతిలో ఈ మూడూ పక్కపక్కనే, మిల్లీమీటర్ల ఎడంతో పోతాయి. తొడలో గడ్డ వస్తే చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మంచి మాంసం కలిపి తీయొచ్చు. అరచేతిలో గడ్డ పక్కన అంత ఖాళీ ఎక్కడుంది?

పైగా వేలిని ముడిచే తాడు ఒక గొట్టంలాంటి తొడుగులో జారుతుంది. బొటనవేలి తొడుగూ చిటికెన వేలి తొడుగూ మామూలుగా మణికట్టు దాకా పోతాయి. తెలియక కోసి అక్కడ రక్తం చిందితే, దానితో పాటు కణాలు ఆ గొట్టం వెంట ఎంతదూరమైనా పోవచ్చు. అడ్డంగా కోస్తే ఒక వేలి వరసలో ఉన్నది పక్క వేలి వరసలోకీ అంటుకుంటుంది. అందుకే చేతిమీద అనుమానపు గడ్డకి కోత వేలి వరసలోనే నిలువుగా పడాలి. చేతికి రబ్బరు పట్టీ బిగించి రక్తం పిండే అలవాటు కూడా ఇక్కడ పనికిరాదు. చెయ్యి పైకెత్తి కాసేపు ఉంచి, అప్పుడు టోర్నికెట్ (రక్తం ఆపే పట్టీ) వేస్తాం. గడ్డని పిసికితే ఏమవుతుందో చెప్పక్కర్లేదుగా.

స్లైడు_అమ్మ · ఆగస్టు 5, రాత్రి 9:30

నేను పాథాలజిస్టుని, పుట్టిల్లు బరంపురం. కత్తి పట్టని డాక్టర్ని కాబట్టి నా మాట ఎవరూ వినరు, అయినా చెబుతాను.

'గ్రాన్యులోమా' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. 1970లో ఎంజింగర్ అనే పాథాలజిస్టు 62 కేసులు పోగేసి ఒక కొత్త కేన్సర్‌ని లోకానికి చూపించాడు. ఎపిథీలియాయిడ్ సార్కోమా. అది గ్రాన్యులోమాలాగో, చర్మంలాంటి పొరల్లో పుట్టే మామూలు కేన్సర్ కార్సినోమాలాగో వేషం వేసుకుని మోసం చేస్తుందని ఆయన అప్పుడే హెచ్చరించాడు. మధ్యలో చచ్చిన కణాలు, చుట్టూ గుంపుకట్టిన కణాలు. సన్నసూదిలో వచ్చిన నాలుగు చుక్కల్లో చూస్తే టీబీ గడ్డకీ దీనికీ తేడా కనిపెట్టడం కష్టం. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి చెయ్యి అటే పోతుంది. ఆ డాక్టర్ని తిట్టాలని నాకు లేదు. మూడు నెలలైనా మానకపోయినా మళ్ళీ ముక్క అడగకపోవడమే తప్పు.

ఇది పడుచు వయసువాళ్ళకి, వేళ్ళు, అరచెయ్యి, ముంజేతిలో ఎక్కువగా వస్తుంది. చేతి సార్కోమాల్లో ఎక్కువగా కనబడేదీ ఇదే. మీ బావగారికి ఇదే అని అనట్లేదు. ఇది కూడా లెక్కలో ఉండాలి అంటున్నాను. కోర్ బయాప్సీ తీసినప్పుడు ఐఎన్ఐ1 అనే రంగుపరీక్ష కూడా చెయ్యమని అడగండి. మామూలు కణాల్లో గోధుమరంగు పట్టాలి. ఈ సార్కోమాలో నూటికి తొంభై కేసుల్లో ఆ రంగు పట్టదు. పక్కనున్న మంచి కణాలకి రంగు పట్టి, కేన్సర్ కణాలు తెల్లబోయి కూర్చుంటాయి. స్లైడు మీద అది చూస్తే మళ్ళీ మర్చిపోలేం.

ఇంకో మాట, ఇది అందరికీ. శరీరంలోంచి ఏ ముక్క తీసినా ఫార్మలిన్‌లో (కుళ్ళకుండా ఉంచే మందునీళ్ళలో) వేసి పాథాలజీకి పంపాలి. ఉప్పునీళ్ళలో వేసి, సాయంత్రం బస్సులో పంపి, మర్నాడు మా బల్ల మీదకొచ్చిన ముక్కలు నేను ఎన్ని చూశానో. కుళ్ళిన చేప కంటే హీనం. పరీక్ష అయ్యాక ముక్కని మైనపు దిమ్మలో పోస్తాం. ఆ దిమ్మ మీది, రెండో అభిప్రాయానికి కావాలంటే అడిగి తీసుకోండి.

సిరొంచ_సత్తి · ఆగస్టు 6, ఉదయం 11:48

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. నదవతల కాళేశ్వరం. మా మేనత్తకు ముంజేతి మీద గిట్లాంటిదే అయితే మోచెయ్యి కిందికి తీసేస్తమన్నరు. ఆమె ఒప్పుకోలే, ఇంట్ల కూసున్నది. చెయ్యి తీసుడే దిక్కా దీనికి?

చెయ్యివైద్యం · ఆగస్టు 6, సాయంత్రం 5:10

కాదు. వెంటనే ఇంకొక చోట చూపించండి. ఒకప్పుడు చేయీ కాలూ తీసెయ్యడమే వైద్యం. అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో 43 మందిని రెండు వర్గాలు చేసి చూశారు, ఫలితాలు 1982లో వచ్చాయి. 27 మందికి అవయవం ఉంచి, గడ్డ తీసి, రేడియేషన్ ఇచ్చారు. 16 మందికి అవయవం తీసేశారు. అవయవం ఉంచినవాళ్ళలో నలుగురికి అదే చోట తిరిగొచ్చింది, కానీ బతికిన కాలంలో తేడా తేలలేదు. ఆ తర్వాతే చెయ్యి కాపాడే దారి గట్టిపడింది. ఈ రోజుకీ కొన్నిసార్లు తియ్యక తప్పదు. కానీ ఆ మాట ఒక్క డాక్టరు చెబితే సరిపోదు. సర్జన్, రేడియేషన్ డాక్టరు, మందుల డాక్టరు, పాథాలజిస్టు కూర్చుని చెప్పాలి. దాన్నే ట్యూమర్ బోర్డు అంటారు. నాగపూర్ మీకు దారి ఉంటే అటు, లేకపోతే హైదరాబాద్ ఎమ్‌ఎన్‌జే కేన్సర్ ఆస్పత్రి.

నాగావళి_కత్తెర · ఆగస్టు 6, రాత్రి 9:55

నేను రాయగడలో టైలరింగ్ షాపు నడుపుతాను. నా చూపుడు వేలు లేదు. వేలే కాదు, అరచేతిలో దాని ఎముక కూడా తీసేశారు. తీసి ఎనిమిదేళ్ళయింది.

నాకు చూపుడు వేలి మొదట్లో, పైవైపు బఠాణీ గింజంత ఉండేది. నాలుగేళ్ళు అలాగే ఉంది. ఎక్స్‌రేలో సున్నం చుక్కల్లా కనిపించాయి. పరీక్షలో సైనోవియల్ సార్కోమా అని వచ్చింది. నాలుగేళ్ళు కదలని గడ్డ కేన్సరేంటని నేను డాక్టరుతో పోట్లాడాను. ఇది అలాగే నక్కి ఉంటుందట.

వేలు తీసేస్తామంటే కత్తెర ఎలా పట్టుకోనని ఏడ్చాను. ఇప్పుడు మధ్యవేలు, బొటనవేలితో పడతాను. ఆరునెలలు గుడ్డ వంకరపోయేది, తర్వాత అలవాటైంది. చెయ్యి చూసినవాళ్ళు నాలుగు వేళ్ళున్నాయని లెక్కపెడితేగానీ గమనించరు. గాజులవాడు కూడా ఏమడగలేదు.

అన్నయ్యా, మీ బావగారికి నా చెయ్యి చూపించాలనుంటే ఫొటో పెడతాను.

మోడరేటర్ · ఆగస్టు 6, రాత్రి 10:20

పసరు అడ్రసు, ఫోన్ నంబరు ఉన్న పోస్టు తీసేశాం. పేషెంటు రిపోర్టుల మీద పేర్లు చెరిపి పెట్టండి.

రాయగడ_రాజు · ఆగస్టు 7, ఉదయం 8:01

తీసెయ్యండి, నాకేటి. మంచికే చెప్పాను. నాగావళి గారిది మా ఊరే అని తెలీదు, ఎప్పుడో అక్కడే చొక్కా కుట్టించుకునుంటాను.

కొమ్ముబొమ్మ · ఆగస్టు 22, రాత్రి 11:30

ఆలస్యానికి క్షమించండి. బరంపురంలో ఎమ్మారై అయింది. గడ్డ ఉంగరపు వేలి తాళ్ళని చుట్టుకుని ఉందట, అరచేతి పొర వెంట చిటికెన వేలి వైపు పాకిందట. మణికట్టు దాటలేదన్నారు. ఛాతీ సీటీ శుభ్రం.

ఒక విషయం చెప్పాలి. బావతో ఇంకా కేన్సర్ అన్న మాట అనలేదు, 'గడ్డ' అనే నడిపిస్తున్నాం. కానీ ఆయనకి ఒడియా చదవడం నాకంటే బాగా వచ్చు. ఆస్పత్రిలో బోర్డు మీద 'కర్కట' అని ఉంది. కాసేపు దానికేసి చూసి, "పంచాంగంలో కర్కాటకమంటే ఎండ్రకాయేగా?" అన్నాడు. నేనేమీ అనలేదు. "ఎండ్రకాయ పట్టు ఎలాగుంటదో నాకు తెలుసులే" అన్నాడు. ఇంటికొచ్చేదాకా ఇంక మాట్లాడలేదు.

విశాఖకే వెళ్దామనుకుంటున్నాం. గుణుపూర్ నుంచొచ్చే ప్యాసింజరు మా ఊరి మీదుగా పోతుంది. రాజావారు 1900లో వేయించిన లైను ఇన్నాళ్ళకి మా ఇంటికి ఇలా పనికొచ్చింది.

గుణుపురం_టీచరమ్మ · ఆగస్టు 23, ఉదయం 6:45

మీ బావగారికి చెప్పెయ్యండి బాబూ. తెలిసిపోయిందాయనకి.

అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది, దువ్వాడ స్టేషన్‌కి దగ్గర. ఒడిశాలో ఉండిపోవాలనుకుంటే కటక్‌లో ఆచార్య హరిహర ఉంది. 2025 ఏప్రిల్ నుంచి మన వైపు కూడా ఆయుష్మాన్ వచ్చింది కదా, ఆ కార్డు పక్క రాష్ట్రంలోనూ నడుస్తుంది. కానీ వెళ్ళేముందు ఆ ఆస్పత్రి జాబితాలో ఉందో లేదో, ఈ ఆపరేషన్ అందులో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మా ఇంటి పక్కాయన కార్డు చేత్తో పట్టుకుని వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడిపోయాడు. ఆధార్‌లో ఒక పేరు, కార్డులో ఇంకో పేరు. ఒడియాలో రాసి, ఇంగ్లీషులోకి మార్చి, తెలుగు ఇంటిపేరుని ముక్కలు చేసి పెడతారు మనకి. ముందే సరిచూసుకోండి. రైల్లో కేన్సర్ రోగికి స్లీపరు, థర్డ్ ఏసీ టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకీ రాయితీ ఉంది. ఆస్పత్రి ఫారం ఇస్తుంది.

కొమ్ముబొమ్మ · సెప్టెంబరు 9, రాత్రి 9:14

కోర్ బయాప్సీ వచ్చింది. స్లైడు అమ్మగారూ, మీరన్నదే. ఎపిథీలియాయిడ్ సార్కోమా. ఐఎన్ఐ1 పోయిందని రాశారు. టీబీ మాత్రలు ఆపించేశారు.

ట్యూమర్ బోర్డులో పెట్టారు. ఉంగరపు వేలు, చిటికెన వేలు రెండూ అరచేతి ఎముకలతో సహా తియ్యాలన్నారు. చంకలో ఒకటి రెండు బిళ్ళలు తీసి చూస్తారట. తర్వాత ఆరువారాలు కరెంటు (రేడియేషన్). నాకు అర్థం కానిది ఒకటే. గడ్డ ఉంగరపు వేలిది కదా, చిటికెన వేలు ఏం పాపం చేసింది?

చెయ్యివైద్యం · సెప్టెంబరు 10, ఉదయం 6:05

వాళ్ళ ఎమ్మారై నేను చూడలేదు. మీరు రాసినదాన్నే తీసుకుని చెబుతాను. గడ్డ అరచేతి పొర వెంట చిటికెన వేలి వైపు పోయింది. ఆ వేలికి వెళ్ళే స్పర్శ నరానికి ఆనుకుందని తిమ్మిరే చెబుతోంది. మొదటి కోత అడ్డంగా ఆ వైపే పోయింది. పాత కత్తి ఎక్కడిదాకా వెళ్ళిందో అక్కడిదాకా అంటుకున్నట్టే లెక్కేసి, పాత మచ్చతో సహా ఒక్క ముద్దగా తియ్యాలి. అప్పుడు నిలువుగా కోసుంటే చిటికెన వేలు మిగిలేదా అంటే, నేను ప్రమాణం చెయ్యలేను. మిగిలే అవకాశం ఎక్కువుండేది.

ఈ సార్కోమా ఇంకో విషయంలోనూ మిగతావాటిలాంటిది కాదు. చాలా సార్కోమాలు రక్తం వెంట ఊపిరితిత్తులకి పోతాయి, బిళ్ళల జోలికి రావు. ఇది బిళ్ళలకీ పోతుంది. అందుకే చంక పరీక్ష. చేతికి నీలిరంగు మందు ఎక్కించి, అది ముందు చేరిన బిళ్ళని తీసి చూస్తారు.

కీమో గురించి అడుగుతారని ముందే చెబుతున్నాను. ఒక్కచోటే ఉన్నప్పుడు దీనికి కత్తి, కరెంటు ముఖ్యం. డాక్సోరూబిసిన్, ఐఫాస్ఫమైడ్ లాంటివి పాకినప్పుడు ఎక్కువగా వాడతాం, దీనిమీద వాటి బలం అంతంతమాత్రమే. పిల్లల చేతుల్లో వచ్చే రాబ్డోమయోసార్కోమాకైతే కీమోనే ముందు. పేరు తెలియకుండా వైద్యం మొదలెట్టకూడదనేది ఇందుకే.

ఇక చెయ్యి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు మిగులుతాయి. చిన్న పనులన్నీ ఈ మూడింటితోనే: సూది, కలం, బొత్తాము, అన్నం ముద్ద. పోయేది బిగువు. సుత్తి పిడి, బకెట్టు, ఆకురాయి లాంటివాటి పట్టు బలంలో పెద్ద వాటా ఆ చివరి రెండు వేళ్ళదే. ఇది మీ బావగారికి ఇప్పుడే చెప్పండి. ఆపరేషన్ అయ్యాక తెలిస్తే మోసం చేసినట్టనిపిస్తుంది.

అరచేతి చర్మం పోయినచోట తొడ నుంచి చర్మం, కొవ్వు, దాని రక్తనాళంతో సహా తెచ్చి, మైక్రోస్కోపు కింద చేతి నాళానికి కుట్టొచ్చు. తొడ దగ్గర కోసేటప్పుడు చేతి దగ్గర వాడిన కత్తి, గ్లోవ్స్ వాడరు. చేతి దగ్గరి కణాలు తొడకి అంటకూడదు.

నాగావళి_కత్తెర · సెప్టెంబరు 10, మధ్యాహ్నం 1:30

కరెంటు పెట్టినన్నాళ్ళూ వేళ్ళు కదుపుతూనే ఉండమనండి. నేను నొప్పని ముడుచుకు కూర్చున్నాను, మధ్యవేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినా వినలేదు. అదొక్కటే నా పశ్చాత్తాపం.

కొమ్ముబొమ్మ · సెప్టెంబరు 27, ఉదయం 5:40

అయింది. తొమ్మిది గంటలు పట్టింది. బావ మెలకువగా ఉన్నాడు. కట్టులోంచి మూడు వేళ్ళ కొసలు కనిపిస్తున్నాయి. నర్సు గంటగంటకీ వచ్చి తొడ నుంచి పెట్టిన చర్మాన్ని వేలితో నొక్కి, ఎర్రదనం ఎంతసేపట్లో తిరిగొస్తందో చూస్తంది. మా అప్ప కూడా నేర్చుకుంది. నర్సు కంటే ముందే "వచ్చీసిందమ్మా" అంటంది.

కొమ్ముబొమ్మ · అక్టోబరు 8, రాత్రి 8:20

రిపోర్టు: అంచులన్నీ శుభ్రం. అతి దగ్గరగా ఉన్నచోట 6 మిల్లీమీటర్ల ఎడం ఉందట. చంకలో రెండు బిళ్ళలు తీశారు, రెండింట్లో ఏమీ లేదు. పుండు మానాక 30 రోజులు కరెంటు, వారానికి ఐదు రోజుల లెక్కన, మొత్తం 60 గ్రే (రేడియేషన్ కొలత).

6 మిల్లీమీటర్లు చాలునా డాక్టరు గారూ?

చెయ్యివైద్యం · అక్టోబరు 8, రాత్రి 10:50

అరచేతిలో 6 మిల్లీమీటర్లు మంచి ఎడమే. మిగిలిన అనుమానానికే కరెంటు. ఇక మొదటి రెండు మూడేళ్ళు ప్రతి మూడు నాలుగు నెలలకీ చెయ్యి, చంక చూపించుకోవాలి, ఛాతీ ఫొటో తీయించాలి. తర్వాత ఐదేళ్ళ దాకా ఆరునెలలకోసారి. ఆ పైన కూడా మానకూడదు. ఈ సార్కోమా పదేళ్ళ తర్వాత తిరిగొచ్చిన సందర్భాలున్నాయి. ఐదేళ్ళయింది కదా అని దీనికి మాత్రం కొబ్బరికాయ కొట్టి వదిలెయ్యకండి.

సిరొంచ_సత్తి · అక్టోబరు 9, ఉదయం 9:15

మా మేనత్తను హైదరాబాద్ తోలుకపోయినం సార్. చెయ్యి ఉంటదన్నరు. గంతే చెప్పాలనిపించింది.

కొమ్ముబొమ్మ · ఫిబ్రవరి 15, సాయంత్రం 6:35

కరెంటు డిసెంబరులోనే అయిపోయింది. మొన్న రెండో సీటీ కూడా శుభ్రం. తొడ చర్మం అరచేతిలో దిండులా లేచి ఉంది, దానికి స్పర్శ లేదు. వెంట్రుకలు మొలుస్తున్నాయని గుంటలు నవ్వుతున్నారు.

బావ ఈ వారం పనిలో కూర్చున్నాడు. ఆకురాయి ఎడమచేతికి మార్చాడు. కొమ్ముని కుడిచేతి మూడు వేళ్ళతో పట్టుకుంటన్నాడు. మొదట దువ్వెన చేశాడు, పళ్ళు హెచ్చుతగ్గులొచ్చాయి. నిన్న కొంగ చేశాడు. మెడ కుదర్లేదని బల్ల కింద పడేశాడు. మా అప్ప తీసి దేవుడి గూట్లో పెట్టింది.

నాగావళి_కత్తెర · ఫిబ్రవరి 15, రాత్రి 8:10

కుదురుతుంది. ఆకురాయి పిడి సన్నంగా ఉంటే ఎడమచేతికి జారుతుంది, పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టమనండి. నేను కత్తెర పిడికి అలాగే చుట్టాను.

కొమ్ముబొమ్మ · ఫిబ్రవరి 15, రాత్రి 8:42

ట్యూబు ఇప్పుడే కోసిచ్చాను. రెండు చుట్లు చాలవంటున్నాడు, మూడోది చుడతన్నాడు.